మా తాత చూడని శివసముద్రం

ఆగస్టు మొదటి వారం నుంచి మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట. కావేరి మీది కేఆర్ఎస్ డ్యాము నిండింది, మట్టం 124.80 అడుగులకు చేరింది, గేట్లెత్తారు, అటు కబిని కూడా పొంగుతోంది, ఇప్పుడు వెళ్లకపోతే శివనసముద్రంలో బండలు చూసి రావడమే. నిజమే మరి. ఎండాకాలంలో వెళ్లొచ్చిన సీనియర్ల ఫోటోలు నేను చూశాను, నల్లటి కొండకి అక్కడక్కడా తెల్లదారాలు వేలాడేసినట్టు ఉంటుంది, అంతే. కబిని వచ్చి టి.నరసీపుర దగ్గర కావేరిలో కలుస్తుంది, ఆ రెండు నదుల నీళ్లూ కలిసి దిగువకి వదిలినప్పుడే అక్కడ జలపాతం జలపాతంలా ఉంటుంది. అందుకని ఇంకేం ఆలోచించకుండా రెండో శనివారం ఖాయం చేసేశాం.

మేం బెంగళూరులో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, మూడో సంవత్సరం. క్లాసులో సగానికి సగం తెలుగువాళ్లమే. కడప, హిందూపురం, గుంటూరు, ఖమ్మం, ఇద్దరు బళ్లారి తెలుగువాళ్లు. రావడానికి మొదట నలభై మంది చేతులెత్తారు, డబ్బులు కట్టేసరికి 27 మంది తేలారు, తలకి 900 రూపాయలు. పీజీ ఆంటీకి పొద్దున్నే ఐదింటికి గేటు తీయమని ముందురోజే చెప్పి పెట్టుకున్నాం. ఇంక మిగిలింది ఇంట్లో చెప్పడం.

అమ్మకి ఫోన్ చేస్తే ఊహించినట్టే "నీళ్లలోకి దిగనని ఒట్టెయ్యి" దగ్గర మొదలైంది. ఒట్టేస్తున్నాను, మళ్లీ వేస్తున్నాను, ఈలోపు వెనకనుంచి మా తాత "యాడికంట?" అని అడగడం వినిపించింది. ఆయనకి చెవులు సరిగా వినపడవు, అమ్మ గట్టిగా అరిచి "శివనసముద్రం" అని చెప్పింది. అంతే, ఫోన్ తీసేసుకున్నాడు.

"శివసముద్రానికి పోతా ఉండావా అమ్మణ్ణీ? మా కరెంటు ఆడ నుంచే వస్తా ఉండె. పవర్ హౌసు చూసి రా."

"నువ్వు చూశావా తాతా?" అన్నాను. వినపడలేదు. అమ్మ చేత అడిగిస్తే, "మాకు లీవు యాడిది?" అన్నాడు.

మాది వి.కోట దగ్గర పల్లె. మా వైపు నుంచి కేజీఎఫ్, అదే కోలారు బంగారు గనులు, ఎంతో దూరం కాదు, మా తాత తరంలో చాలా ఇళ్ల నుంచి ఒకరో ఇద్దరో గనుల్లో పనికి పోయినవాళ్లే. తాత చాంపియన్ రీఫ్ గనిలో డ్రిల్లింగ్ పని చేశాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. ఆ లోతుల్లో రాయి కాలుతూ ఉంటుందనీ, రాక్ బరస్ట్ అయితే, అంటే లోపలి రాయి ఒత్తిడికి ఒక్కసారిగా పగిలితే, పైన ఊళ్లో ఇళ్లు కూడా అదిరేవనీ, అప్పుడు ఆడవాళ్లంతా షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తుకొచ్చి నిలబడేవాళ్లనీ చిన్నప్పుడు కథలు కథలుగా చెప్పేవాడు. ఆ డ్రిల్లింగ్ మోతే ఆయన చెవుల్ని తినేసింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, తాత ఊరికొచ్చేసి మామిడి చెట్లు పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి శివసముద్రం అన్న మాట ఎన్నిసార్లు విన్నానో, అది ఒక ఊరు అనీ, నేను బస్సెక్కి వెళ్లగలిగేంత దగ్గర్లో ఉందనీ ఆ రోజు దాకా నాకు తట్టలేదు. కరెంటు పోతే "శివసముద్రం పోయింది" అనేవాడు. నేనదేదో కేజీఎఫ్ వాళ్ల మాట అనుకునేదాన్ని.

ఆ రాత్రి కూర్చుని ఆ పవర్ హౌసు గురించి చదివాను. మా సబ్జెక్టు పుస్తకాల్లో దీని గురించి ఒక్క లైను ఉంటుంది, పరీక్షకి ముందు సంవత్సరం గుర్తుపెట్టుకుని వదిలేసే లైను. అసలు కథ గనుల దగ్గర మొదలవుతుంది. కోలారు బంగారం ఏట్లో ఏరుకునేది కాదు, రాయిలో ఇమిడి ఉంటుంది, ఆ రాయిని పైకి తెచ్చి పిండి చేస్తే గానీ బయటికి రాదు. ఆ మిల్లులు తిప్పడానికి ఆవిరి యంత్రాలు, ఆవిరికి బొగ్గూ కట్టెలూ. గని లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరుగుతూ పోయింది. అప్పుడు మైసూరు సంస్థానంలో పనిచేస్తున్న జోలీ డి లోట్‌బినియర్ అనే ఇంజినీరు, కావేరి పడేచోట కరెంటు పుట్టించి తీగల మీద గనులకు పంపిద్దాం అన్నాడు. దివాన్ శేషాద్రి అయ్యర్ దాన్ని నెత్తికెత్తుకున్నాడు. టర్బైన్లు స్విట్జర్లాండ్ నుంచి, జనరేటర్లు అమెరికా నుంచి వచ్చాయి. సరిగ్గా రోడ్లు కూడా లేని ఆ అడవిదారిలో వాటిని బండ్ల మీద, ఏనుగుల చేత లాగించి చేర్చారట. ఒక్కోటి 720 కిలోవాట్ల జనరేటర్లు ఆరు. 1902 జూన్ 30న అక్కడి కరెంటు 147 కిలోమీటర్ల తీగ మీద నడిచి కేజీఎఫ్ చేరింది.

147 కిలోమీటర్లు, 35 వేల వోల్టులు, 1902లో! ఈ చదువు చదివేవాళ్లకి ఆ అంకెలు ఎలా ఉంటాయో మాటల్లో చెప్పలేను. ఇన్సులేటర్ పగిలితే ఎక్కడ పగిలిందో చూడ్డానికి గుర్రం మీద పోవాల్సిన రోజులవి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905 ఆగస్టు 5న, అంటే మహానగరం కంటే మూడేళ్ల ముందే గనికి కరెంటు వచ్చింది. ముందు బంగారం, తర్వాతే వీధి దీపం. శేషాద్రి అయ్యర్ మాత్రం ఇవేవీ చూడలేదు, 1901లోనే పోయారు. ఇప్పుడు ఆ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు, 42 మెగావాట్లకి పెంచారు, ఇంకా నడుస్తోంది.

ఇంక ప్రయాణం. మేం మాట్లాడుకున్న బండి వేరు, పొద్దున్న వచ్చిన బండి వేరు. ఏసీ అన్నారు, ఏసీ లేదు, 30 సీట్లన్నారు, 26 ఉన్నాయి. ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. గొడవపడితే ఇక్కడే ఎండెక్కుతుందని ఎక్కేశాం, ఒకడు డ్రైవర్ అన్న పక్కన ఇంజిన్ మీద సర్దుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే గంటన్నరలో మద్దూరు దాటేస్తాం అన్నాడు అన్న, కానీ బిడదిలో తట్టె ఇడ్లీ తినకుండా ఆ దారిలో పోవడం తప్పు కదా, పాత రోడ్డే పట్టాం. పళ్లెమంత ఇడ్లీ, మీద వెన్న, పక్కన చట్నీ. ఖమ్మం పిల్ల రెండు తిని మూడోది చెప్పింది. చెన్నపట్నలో కొయ్యబొమ్మల కొట్ల దగ్గర ఆపమని కొందరు, వద్దని కొందరు, చివరికి ఆపలేదు. మద్దూరులో వడలు కొనుక్కుని ఎడమకి తిరిగి మళవళ్లి రోడ్డు ఎక్కాం. అక్కణ్ణుంచి అంతా చెరకు, వరి, కాలువలు. మండ్య జిల్లా అంటే ఇదే కదా, కావేరి ఎక్కడెక్కడ తాకిందో అక్కడక్కడ పచ్చ.

శివనసముద్రం అసలు ఒక లంక. కావేరి అక్కడికి వచ్చి రెండు పాయలుగా చీలుతుంది, పడమటి పాయ గగనచుక్కిగా దూకుతుంది, తూర్పు పాయ భరచుక్కిగా దూకుతుంది, మళ్లీ రెండూ కలిసి మేకెదాటు వైపు సాగిపోతాయి. ఈ లంక మీదే రంగనాథస్వామి గుడి ఉంది, మధ్యరంగడు. శ్రీరంగపట్నంలో ఆదిరంగడు, శ్రీరంగంలో అంత్యరంగడు, ముగ్గురూ కావేరి పాయల మధ్యే పడుకున్నారు.

గగనచుక్కి వాచ్ టవర్ దగ్గర బండి దిగేసరికి ఇంకా ఏమీ కనపడలేదు గానీ చప్పుడు వచ్చేసింది. చప్పుడు కంటే ముందు తడి. నా కళ్లద్దాల మీద సన్నగా చుక్కలు పడ్డాయి, వాన అనుకుని పైకి చూస్తే ఆకాశంలో ఎండ. లోయకి ఇవతల గట్టు మీద నిలబడితే అవతల కొండ మొత్తం తెల్లగా కదులుతోంది. దాదాపు 300 అడుగుల ఎత్తు. ఒకే దూకు కాదు, మెట్టు మీద మెట్టుగా, ఒక బండ మీద పడి చెదిరి పక్క బండని కొట్టి మళ్లీ లేచి, కింద ఎక్కడ ఆగుతుందో కనిపించదు, పొగే. వరద నీరు కాబట్టి మధ్యలో పాలు కలిపిన టీ రంగు, అంచుల్లో తెలుపు. నేను ఇనప రైలింగ్ మీద చెయ్యి పెట్టాను. అది వణుకుతోంది. ఏదో యంత్రం ఆన్ చేసి పెట్టినట్టు సన్నగా, ఆగకుండా. ఎదురుగా ఇంత దూరంలో పడుతున్న నీళ్లు నా అరచేతిలో తెలుస్తున్నాయి. ఫోటోలకి పిలుస్తున్నా చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు నేను.

అక్కణ్ణుంచి కొందరం దర్గా వైపు వెళ్లాం. అటువైపు బండలకి దగ్గరగా పోవచ్చు, ఎంత దగ్గరగా పోకూడదో బోర్డులు కూడా ఉన్నాయి. జరిగింది చెప్తాను. మా వాళ్లలో ఒకబ్బాయి, చదువులో గానీ మాటలో గానీ ఎవరికీ వంక పెట్టడానికి లేని అబ్బాయి, రీల్ తీయడానికి ఫెన్సింగ్ దాటి నాలుగడుగులు వేశాడు. పిలిచాం. నీళ్ల మోతకి అతనికి వినపడలేదో, వినపడినా నవ్వాడో తెలియదు. బండ మీద నాచు, పైన సన్నటి తడి, కుడికాలు జారింది. అదృష్టం, వెనక్కి కూర్చుండిపోయాడు. కాలికి ఉన్న చెప్పు ఊడి జారుకుంటూ వెళ్లింది. ఆరెంజ్ రంగు చెప్పు. అంచు దాకా మెల్లగా వెళ్లింది, అక్కడ ఒక్క క్షణం నిలబడినట్టే నిలబడి నీళ్లలోకి పోయింది. అది పడిన చప్పుడు లేదు, మళ్లీ తేలలేదు. మేమంతా ఆ చెప్పునే చూస్తూ ఉండిపోయాం, అబ్బాయిని లాగాలన్న సంగతి ముందు గుర్తొచ్చింది అక్కడ టీ అమ్ముతున్న ఆవిడకే. కేక వేసుకుంటూ వచ్చి, హిందూపురం అబ్బాయి తువ్వాలు అందిస్తే పట్టుకుని పాకుతూ వచ్చిన అతన్ని నిలబెట్టి, "మనేలి అమ్మ ఇల్వేనప్పా నినగె?" అని తిట్టింది. ఇంట్లో నీకు అమ్మ లేదా అని. ఆవిడ కళ్లలో నీళ్లు. ఇంతకుముందు ఆవిడ ఏం చూసి ఉంటుందో అడిగే ధైర్యం మాకెవరికీ రాలేదు.

నేను ఇక్కడ రాస్తున్నది అతన్ని తప్పుపట్టడానికి కాదు, అతను చదువుతాడని తెలిసే రాస్తున్నాను. వానాకాలం కావేరి అంటే మనం ఇళ్ల దగ్గర ఈదిన బావి కాదు. పైన డ్యాములో గేటు ఇంకో అడుగు లేపితే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి, మనకి చెప్పి పెరగవు. గట్టు మీది నుంచి చూస్తే కూడా ఆ జలపాతం అంతే పెద్దగా ఉంటుంది. దయచేసి ఫెన్సింగ్ దాటకండి.

తర్వాత చాలాసేపు బండిలో ఎవరూ పాట పెట్టలేదు. కడప అమ్మాయి వాళ్ల అమ్మ పంపిన చింతపండు పులిహోర, మేం పీజీలో కట్టించుకున్న పెరుగన్నం, మద్దూరు వడలు అన్నీ ఒక చెట్టుకింద పరిచి తిన్నాం. తిండి కడుపులో పడ్డాకే మాటలొచ్చాయి. ఆ అబ్బాయి ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, అలాగే వడ్డించాడు అందరికీ. మళవళ్లిలో 150 రూపాయలకి కొత్త జత కొనుక్కున్నాడు.

పవర్ హౌస్ ఉన్నచోటుని బ్లఫ్ అంటారు. డ్రైవర్ అన్నని అటు తీసుకెళ్లమని నేనే పట్టుబట్టాను. మా క్లాసే కాబట్టి ఎవరూ కాదనలేదు, కొందరికైతే నాకంటే ఎక్కువ ఉత్సాహం. గేటు దగ్గర ఆపేశారు. ముందే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకుంటే గానీ లోపలికి పంపరట, న్యాయమే, అది నడుస్తున్న విద్యుత్ కేంద్రం. కాలేజీ లెటర్ తెచ్చుకోవాల్సింది, ఆ ఆలోచన ముందు వచ్చి ఉంటే బాగుండేది, ఈఈఈ వాళ్లెవరైనా వెళ్తుంటే మాత్రం తప్పకుండా లెటర్ రాయించుకుని వెళ్లండి. మేం రోడ్డు మీద నిలబడి చూడగలిగినంత చూశాం. నదిని పైన అడ్డుకట్టతో మళ్లిస్తారు, కాలువల్లో ఈ బ్లఫ్ దాకా తెస్తారు, ఇక్కణ్ణుంచి లావుపాటి పైపుల్లో సుమారు 400 అడుగుల కిందికి వదులుతారు, కింద టర్బైన్. అంటే జలపాతంలో మనం చూసేది ఈ కాలువలోకి పోగా మిగిలిన నీళ్లు. పొద్దున్నంతా మేం చూసి నోరెళ్లబెట్టిన నది పని చేసేది ఇక్కడ, చప్పుడు లేకుండా. వేసవిలో కావేరి సన్నబడితే గనులకి కరెంటు చాలేది కాదు, కేఆర్ఎస్ కట్టడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి, 1911లో ఆ పని మొదలైంది. మేం వాట్సాప్‌లో రోజూ మట్టం చూసుకుంటూ ఎదురుచూసిన ఆ డ్యాము వెనక మా తాత గని ఉందన్నమాట! ఇది బండిలో నిలబడి అందరికీ చెప్పాను. ఎప్పుడూ నిద్రపోయే బళ్లారి అబ్బాయి కూడా లేచి, "అయితే మన కేఆర్ఎస్‌లో మీ తాతకి వాటా ఉంది" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

గేటు దగ్గరున్న గార్డు పెద్దాయన మేం వెళ్లకుండా నిలబడి ఉండటం చూసి ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగాడు. నాకొచ్చిన కన్నడంలో మా తాత కేజీఎఫ్‌లో పనిచేశాడని చెప్పాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యెత్తి తూర్పుకి చూపించాడు, కొండల మీదుగా తీగలు పోతున్న వైపు. ఫోటో తీసుకోవచ్చా అంటే లోపలివి వద్దు, ఆ తీగలవి తీసుకో అన్నాడు.

భరచుక్కి చేరేసరికి నాలుగైంది. గగనచుక్కి లోతైతే ఇది వెడల్పు. అర్ధచంద్రంలా వంగిన కొండ పొడుగునా లెక్కపెట్టలేనన్ని ధారలు, వాటి మధ్య చెట్లు కూడా నీళ్లలోనే నిలబడి ఉన్నాయి. కిందికి దిగే మెట్లు నీళ్లెక్కువని ఆ రోజు మూసేశారు. మామూలప్పుడు కింద మడుగులో తిప్పే పుట్టిలు ఒడ్డున బోర్లించి ఉన్నాయని, వచ్చే నెల వస్తే ఎక్కిస్తారని మొక్కజొన్న కాల్చేవాళ్లు చెప్పారు. ఇక్కడ నాకు ఒంటరిగా ఐదు నిమిషాలు దొరికాయి. ఫోన్ తీసి వీడియో కాల్ చేశాను తాతకి. సిగ్నల్ రాలేదు, మూడుసార్లు చేశాను, రాలేదు. అందుకని మామూలు వీడియో తీశాను. మొత్తం ఐదు నిమిషాలు, ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా, చెయ్యి కదలకుండా. తలకాడు కూడా వెళ్దాం, ఇసుకలో గుళ్లు చూద్దాం అనుకున్నది చీకటి పడుతోందని మానేశాం. తిరుగుదారిలో అందరూ నిద్ర.

వినాయక చవితికి ఇంటికి వెళ్లాను. తాత అరుగు మీద కూర్చుని పత్రి సర్దుతున్నాడు. పక్కన కూర్చుని ముందు తీగల ఫోటో చూపించాను. కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇదేనా మనూరికి వచ్చేది?" అన్నాడు. మనూరు అంటే వి.కోట కాదు, కేజీఎఫ్. ఇరవై ఏళ్లు దాటింది ఊరికొచ్చి, ఇంకా అదే మనూరు. ఆ పాత లైను ఇప్పుడూ అదే దారిలో ఉందో లేదో నాకు తెలియదు, అయినా అవును తాతా అన్నాను.

తర్వాత వీడియో పెట్టాను. మొత్తం ఐదు నిమిషాలూ కదలకుండా చూశాడు. అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి చూడలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, స్పీకర్ ఎక్కడుందో వేలితో తడిమి, ఆ వైపు తిప్పి ఎడమ చెవికి ఆనించుకున్నాడు. ఆయనకి ఎడమ చెవి కొంచెం నయం. పత్రి ఒళ్లోంచి జారి కింద పడుతున్నా పట్టించుకోలేదు.

"ఇంకొంచెం పెంచు అమ్మణ్ణీ" అన్నాడు.

అప్పటికే ఫుల్‌లో ఉంది. అయినా పెంచినట్టు బటన్ నొక్కాను.